ర్యాంప్ కార్మికులం సంఘం పెట్టుకున్నాం: నా అనుభవం

శంషాబాద్ విమానాశ్రయంలో ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, విమానం వచ్చి ఆగినప్పటి నుంచి మళ్లీ కదిలే వరకు దాని చుట్టూ పనిచేసేవారిలో నేనూ ఒకడిని. చక్రాలు కదలకుండా చాక్‌లు (అడ్డు దిమ్మెలు) పెట్టడం, హోల్డ్ (విమానంలో సామాను పెట్టే గది) తలుపు తీసి సామాను దించడం, ట్రాలీలను ట్రాక్టర్‌తో బెల్టు దాకా లాగడం, క్యాబిన్ ఊడ్చి తుడవడం, మరుగుదొడ్ల ట్యాంకు ఖాళీ చేయడం, నీళ్లు నింపడం, చివరకు పుష్‌బ్యాక్ చేసి, అంటే బండితో వెనక్కి నెట్టి, విమానాన్ని సాగనంపడం, ఇవన్నీ గ్రౌండ్ హ్యాండ్లింగ్ పనులే. దేశీయ సర్వీసులకు ఈ పనంతా ముప్పై, నలభై నిమిషాల్లో ముగియాలి. ప్రయాణికులకు కనిపించేది విమానం తోక మీది పేరు మాత్రమే గాని, కింద పనిచేసేవారిలో చాలామంది ఆ విమానయాన సంస్థ ఉద్యోగులు కారు. దానితో ఒప్పందం చేసుకున్న హ్యాండ్లింగ్ కంపెనీ మనుషులు, లేదా ఆ కంపెనీకి మనుషులను సరఫరా చేసే మరో కాంట్రాక్టర్ మనుషులు. అలాంటి ఒక కంపెనీలో మేము సంఘం పెట్టుకుని, నమోదు చేయించుకుని, యాజమాన్యంతో రాతపూర్వక ఒప్పందం దాకా వెళ్లిన క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు గాని, సహచరుల పేర్లు గాని రాయడం లేదు. గన్నవరంలో, విశాఖలో, తిరుపతిలో ఇదే పని చేస్తూ ఇదే ఆలోచనలో ఉన్నవారికి ఎక్కడ ఏ కాగితం కావాలో, ఎక్కడ ధైర్యం కావాలో తెలియాలన్నదే నా ఉద్దేశం.

మా ఇబ్బందులన్నీ ఒకనాడు మొదలైనవి కావు. నేల మీద నుంచి సరుకు ఎక్కించే చిన్న విమానాల్లో హోల్డ్ లోపల మనిషి నిలబడేంత ఎత్తు ఉండదు. మోకాళ్ల మీద కూర్చుని, నడుము వంచి, ఒక్కో పెట్టెను లోపలికి నెట్టి పేర్చాలి. ఒక పెట్టె 32 కిలోలు దాటకూడదన్నది విమానయానంలో అందరూ ఎరిగిన పరిమితి. అయితే ఆ పరిమితిలోనే ఉన్న పెట్టెలను రాత్రంతా ఎత్తుతూ పోతే, ముప్పై ఏళ్లు నిండకముందే నడుము బెల్టు లేకుండా డ్యూటీకి రాలేని స్థితి వస్తుంది. గల్ఫ్ విమానాల రాత్రుల్లో ఈ బరువేమిటో ర్యాంప్ మీద ఉన్నవారందరికీ తెలుసు. నలుగురు ఉండవలసిన హోల్డ్‌లో ఇద్దరినే దించడం మెల్లమెల్లగా అలవాటైపోయింది. మే నెల మధ్యాహ్నం కాంక్రీటు కాలుతుంటే నీళ్ల కోసం టెర్మినల్ దాకా నడిచి వెళ్లవలసి వచ్చేది. షిఫ్టు ముగిశాక ఆలస్యంగా దిగిన విమానం కోసం ఆగితే ఆ గంటలు జీతంలో కనిపించేవి కావు; జీతం చీటీలో ఓటీ (ఓవర్‌టైమ్) అన్న వరుసే ఉండేది కాదు. వీటన్నిటి గురించి విడివిడిగా అడిగినవారు ఉన్నారు. అడిగినవారికి మర్నాటి నుంచి వరుస రాత్రి షిఫ్టులు పడేవి.

విమానాశ్రయంలో సంఘం పెట్టడం ఒక ఫ్యాక్టరీలో పెట్టినట్టు ఉండదు. దానికి అన్నిటికన్నా పెద్ద కారణం మా మెడలో వేలాడే పాస్. విమానాశ్రయ ప్రవేశ అనుమతి పత్రాన్ని పౌర విమానయాన భద్రతా విభాగం, అంటే బీసీఏఎస్, జారీ చేస్తుంది. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను దాన్ని చూసే లోపలికి పంపుతాడు. ఆ పత్రానికి దరఖాస్తు చేసేది మేము కాదు, కంపెనీ. ఉద్యోగం పోతే పత్రం తిరిగి ఇచ్చేయాలి. కాబట్టి కంపెనీలో ఎవరికైనా కోపం వస్తే ఉద్యోగంతో పాటు పని చోటికి అడుగుపెట్టే దారి కూడా మూసుకుపోతుందన్న భయం ప్రతివాడిలోనూ ఉంది. ఫ్యాక్టరీ కార్మికులను తీసేస్తే గేటు ముందు టెంటు వేసుకుని కూర్చుంటారు. మా గేటు ముందు అది కుదరదు. లోపల కరపత్రం పంచలేము, పది మంది ఒకచోట నిలబడి మాట్లాడుకోలేము. అది భద్రతా ప్రాంతం, ఆ నిబంధనలను మేము గౌరవించాము కూడా. మేము చేసే పనిలో భద్రత ఎంత ముఖ్యమో మాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

అందుకే మా మాటలన్నీ బయటే సాగాయి. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వచ్చే దారిలో కొందరు, కొత్తూరు, షాద్‌నగర్ వైపు నుంచి వచ్చేవారు కొందరు, అద్దె గదుల్లో ఆరుగురేసి ఉండే ఒడిశా, బిహార్ కుర్రవాళ్లు కొందరు. విమానాశ్రయానికి భూములు ఇచ్చిన ఊళ్ల పిల్లలూ మాలో ఉన్నారు. ఆ పొలాల మీద వేసిన రన్‌వే పక్కనే ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతున్నారు. మూడు షిఫ్టుల్లో, వేర్వేరు వీక్లీ ఆఫ్‌లతో పనిచేసే ఇంతమందిని ఒకే రోజు ఒకే గదిలో కూర్చోబెట్టడం ఎప్పటికీ సాధ్యం కాదని త్వరలోనే అర్థమైంది. అందుకని ఒక్కో షిఫ్టుకు ఇద్దరిని బాధ్యులుగా పెట్టుకున్నాము. ఒకరికి తెలుగు బాగా వస్తే మరొకరికి హిందీ వచ్చి తీరాలి. ఒక సమావేశంలో అనుకున్నది తర్వాతి షిఫ్టువారికి అదే మాటల్లో చేరేలా, నోటి మాటగా కాకుండా ఒక పుస్తకంలో రాసి చదివి వినిపించేవాళ్లము. తర్వాత అదే మా మినిట్స్ పుస్తకమైంది.

తెలుగు ఇళ్లలో సంఘం అన్న మాట ఎత్తగానే ఆ రోజుల్లో అందరి నోటా ఆర్టీసీయే వచ్చేది. 2019 అక్టోబర్ 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. అంత పాతుకుపోయిన సంఘాలు, అన్ని వేల మంది కార్మికులు ఉండి కూడా ఎంత కష్టపడ్డారో మా కుటుంబాలు కళ్లారా చూశాయి. ఒక సహచరుడి తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన, "బిడ్డా, సంఘం లేకుంటే మేం అసలు మనుషులమే కాకపోదుము. గని సమ్మె అనేది చివరి మాట, మొదటి మాట గాదు. ముందుగాల కాగితాలు గట్టిగ జేసుకోండ్రి" అన్నారు. ఆ మాటను మేము చివరిదాకా పాటించాము. మరోవైపు సింగరేణి ఉదాహరణ ధైర్యాన్నిచ్చింది. అక్కడ గుర్తింపు సంఘాన్ని, అంటే కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘాన్ని, ఎన్నుకోవడానికి 1998 నుంచి రహస్య ఓటింగ్ జరుగుతోంది. 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ కార్మిక సంఘం గెలిచింది. బొగ్గు గని కార్మికుడు ఓటు వేసి తన తరఫున మాట్లాడేవాడిని ఎన్నుకోగలిగినప్పుడు మేము ఎందుకు ఎన్నుకోకూడదన్న ప్రశ్న చాలామందిని కదిలించింది.

ఇక చట్టం సంగతి. మేము నమోదు చేసుకున్న నాటికి అమలులో ఉన్నది 1926 నాటి కార్మిక సంఘాల చట్టం. ఏడుగురు కలిసి దరఖాస్తు చేస్తే సంఘం అయిపోతుందని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. పాత నిబంధన అంతే. కాని 2001లో చేసిన సవరణ 2002 జనవరి నుంచి అమలులోకి వచ్చి, ఆ సంస్థలో పనిచేసేవారిలో పది శాతం లేదా వంద మంది, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతమంది, సభ్యులుగా ఉండి తీరాలని చెప్పింది. నమోదు రోజున మాత్రమే కాదు, ఆ తర్వాత కూడా ఆ సంఖ్య తగ్గకూడదు. ఇక్కడే మా అసలు పని మొదలైంది. చాయ్ కొట్టు దగ్గర "నేను మీ వెంటే అన్నా" అన్నవారి లెక్క తీస్తే కంపెనీ మొత్తం మాతోనే ఉన్నట్టు ఉండేది. సభ్యత్వ ఫారం తీసి ముందు పెట్టగానే పెన్ను పట్టుకునే చెయ్యి ఆగిపోయేది. ఫారంలో పేరు, హోదా, పనిచేసే చోటు రాయాలి. ఆ జాబితా ప్రభుత్వ కార్యాలయానికి వెళుతుంది. అక్కడి నుంచి కంపెనీకి చేరదని ఎవరూ హామీ ఇవ్వలేరు. "పాస్ గుంజుకుంటే ఇంటికి పోవుడేనా?" అని ఒక తమ్ముడు నన్ను సూటిగా అడిగాడు. పోదని నేను చెప్పలేదు. ఒక్కడివే సంతకం చేస్తే ఆ ప్రమాదం ఎక్కువ, వంద మంది చేస్తే తక్కువ, కాబట్టి వంద పేర్లు పూర్తయ్యే దాకా ఎవరి పేరూ బయటికి రానివ్వమని మాత్రం చెప్పాను. ఫారాలన్నీ ఒకే ఇంట్లో, ఒకే బీరువాలో ఉండేవి. ఎన్ని అయ్యాయో ముగ్గురికి మాత్రమే తెలుసు.

ఈ దశలో మమ్మల్ని ముందుకు తోసింది క్యాబిన్ శుభ్రం చేసే ఆడవాళ్లు. వారి ఇబ్బందులు మాకు తెలిసిన వాటికన్నా ఎక్కువ. రాత్రి షిఫ్టు దిగాక కంపెనీ బండి వారిని ప్రధాన రహదారి దగ్గర వదిలేసేది. అక్కడి నుంచి ఊళ్లోకి తెల్లవారుజామున చీకట్లో నడిచిపోవాలి. కొత్తూరు వైపు నుంచి వచ్చే ఒక అక్క తన ఫారంతో పాటు తన బృందంలో అందరి ఫారాలూ ఒకేసారి నింపించి తెచ్చింది. చదువు రానివారి చేత వేలిముద్ర వేయించి, పక్కన తనే సాక్షి సంతకం పెట్టింది. "మీ మొగోళ్లు ఇంకా ఆలోచిస్తుండ్రా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. ఆ వారం లోడర్ల ఫారాలు అంతకుముందు నెలల్లో ఎన్నడూ రానన్ని వచ్చాయి. ఆమె తర్వాత మా ఉపాధ్యక్షురాలైంది.

నియమావళి రాయడం చాలామంది భయపడినంత కష్టం కాదు గాని, శ్రద్ధగా చేయవలసిన పని. సంఘం పేరు, ఉద్దేశాలు, నిధిని దేనికి ఖర్చు పెట్టవచ్చు, సభ్యుల జాబితాను ఎవరు చూడవచ్చు, చందా ఎంత, కార్యవర్గాన్ని ఎలా ఎన్నుకుంటారు, ఎలా తొలగిస్తారు, లెక్కలు ఏటా ఎవరు ఆడిట్ చేస్తారు, నియమాలను ఎలా మారుస్తారు, సంఘాన్ని మూసివేయవలసి వస్తే ఏం చేస్తారు, ఇవన్నీ అందులో ఉండాలని చట్టమే చెబుతుంది. కార్యవర్గం కాలపరిమితి మూడేళ్లు దాటకూడదు. మాలాంటి సంస్థల్లో ఏడాదికి కనీస చందా 12 రూపాయలని చట్టం పెట్టింది. మేము నెలకు అంతకన్నా ఎక్కువే పెట్టుకున్నాము, ఎందుకంటే కార్యాలయం అద్దె, ప్రయాణ ఖర్చులు, వకీలు ఫీజు ఎక్కడి నుంచో ఎవరో ఇస్తే ఆ ఇచ్చినవాడి మాట వినవలసి వస్తుంది. ప్రతి రూపాయికీ రసీదు ఇచ్చాము. బయటివారు పదాధికారులుగా ఎంతమంది ఉండవచ్చన్నదానికీ హద్దు ఉంది: మొత్తం పదాధికారుల్లో మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అది. పెద్ద కేంద్ర సంఘాల్లో దేనికైనా అనుబంధంగా ఉండాలా, స్వతంత్రంగా ఉండాలా అన్న దాని మీద మాలో గట్టి వాదనలే నడిచాయి. అనుభవం ఉన్నవారి సలహా తీసుకుందాం, నిర్ణయాలు మాత్రం ర్యాంప్ మీద పనిచేసేవారే చేయాలన్న తీర్మానంతో ఆ వాదన ముగిసింది. బయటివారిగా ఇద్దరు వకీళ్లను మాత్రమే తీసుకున్నాము.

దరఖాస్తును రాష్ట్ర కార్మిక శాఖలోని రిజిస్ట్రార్‌కు ఇచ్చాము. రిజిస్ట్రార్ మరిన్ని వివరాలు అడగవచ్చు. పేరు ఇప్పటికే ఉన్న సంఘం పేరును పోలి ఉంటే మార్చమనవచ్చు. మమ్మల్ని రెండూ అడిగారు. అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన హోదాల దగ్గర పట్టింది. మా కంపెనీలో పెట్టెలు మోసేవాడి హోదా చివర కూడా "అసోసియేట్" అనో "ఎగ్జిక్యూటివ్" అనో ఉంటుంది. హోదా పేరు చూసి వీరు కార్మికులు కారని వాదించడానికి అది పనికివస్తుందని మా వకీలు ముందే హెచ్చరించారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో ముఖ్యమైనది చేసే పని గాని, పెట్టిన పేరు కాదు. అందుకని ప్రతి దరఖాస్తుదారు పేరు ఎదుట హోదాతో పాటు అతడు రోజూ చేసే పనిని ఒక వాక్యంలో రాశాము. ఆ తర్వాతి కాలంలో మాకు ఎక్కువగా ఉపయోగపడిన కాగితం అదే.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజు చాలామంది పని పూర్తయిందనుకున్నారు. నిజానికి ఆ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన యాజమాన్యం మాతో మాట్లాడి తీరాలని 1926 చట్టంలో ఎక్కడా లేదు. నమోదు వేరు, గుర్తింపు వేరు. మేము కార్యవర్గం పేర్లతో ఉత్తరం పంపగానే జవాబుగా వచ్చింది చర్చలకు ఆహ్వానం కాదు, బదిలీ ఉత్తర్వులు. కార్యదర్శిని మరో రాష్ట్రంలోని విమానాశ్రయానికి వేశారు. మరో సభ్యుడిని రోజుకో సాకుతో పిలిపించి, రాజీనామా రాస్తే అనుభవ ధ్రువపత్రం మంచిగా ఇస్తామని చెప్పి, చివరకు రాయించుకున్నారు. అతడు ఇప్పుడు దుబాయ్‌లో ఇదే పని చేస్తున్నాడు. అక్కడ సంఘానికి చట్టబద్ధమైన అనుమతే లేదు. అతడిని నిలుపుకోలేకపోయామన్న బాధ మా అందరిలోనూ ఉంది. అదే సమయంలో కంపెనీ సొంతంగా, యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు కలిసి కూర్చునే ఒక వర్క్స్ కమిటీని ప్రకటించి, మీ సమస్యలన్నీ అందులో చెప్పుకోండి, సంఘం ఎందుకు అంది. వంద మంది, ఆ పైన పనిచేసేవారు ఉన్న చోట వర్క్స్ కమిటీని చట్టమే గుర్తించింది కాబట్టి మేము దాన్ని బహిష్కరించలేదు. కార్మికుల తరఫు సభ్యులను ఎన్నిక ద్వారానే పంపుతామని పట్టుబట్టి, మా సభ్యులనే గెలిపించి పంపాము. అయితే జీతాల గురించిన మాట కమిటీలో కాదు, సంఘంతోనే జరగాలని మొదటి సమావేశంలోనే రాయించాము.

బదిలీల తర్వాత మేము తెలుసుకున్న మరో నిబంధన గురించి ఇక్కడ తప్పక చెప్పాలి. సంఘం పదాధికారుల్లో కొందరిని రక్షిత కార్మికులుగా గుర్తించమని యాజమాన్యాన్ని ఏటా ఏప్రిల్ 30 లోపు రాతపూర్వకంగా కోరవచ్చు. మొత్తం కార్మికుల్లో ఒక శాతం, కనీసం ఐదుగురు, గరిష్ఠంగా వంద మంది. వివాదం నడుస్తున్న కాలంలో అలాంటివారిని తొలగించాలంటే ఆ వివాదాన్ని విచారిస్తున్న అధికారి అనుమతి ముందుగా తీసుకోవాలి. కొత్త సంఘాలు చాలావరకు ఈ ఉత్తరం రాయకుండానే తేదీ దాటనిస్తాయి. మేము ఆ ఏడాది నుంచి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకుంటున్నాము.

నమోదు రాష్ట్ర శాఖ దగ్గరైనా, వివాదం మాత్రం కేంద్ర కార్మిక శాఖ అధికారుల పరిధిలోకి వచ్చింది; విమాన రవాణా సేవకు 1947 చట్టం ప్రకారం కేంద్రమే తగిన ప్రభుత్వం, అంటే అలాంటి వివాదాలను చూడవలసిన ప్రభుత్వం. విద్యానగర్‌లోని కేంద్ర కార్మిక కార్యాలయంలో మా డిమాండ్ల పత్రం ఇచ్చాము. మొదటి వాయిదాలోనే కంపెనీ ప్రతినిధి, తమది విమానయాన సంస్థ కాదని, సేవలందించే సంస్థ మాత్రమేనని అభ్యంతరం చెప్పారు. మా వకీలు వెంటనే జవాబిచ్చారు: మేము చాక్ తీయకుండా విమానం కదులుతుందా?

విమానం ద్వారా ప్రయాణికులను, సరుకును చేరవేసే సేవను అప్పట్లో ఆ చట్టం ప్రజోపయోగ సేవగా లెక్కించేది. అంటే మేము చెప్పా పెట్టకుండా పని ఆపడానికి వీల్లేదు. సమ్మెకు నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చిన పద్నాలుగు రోజుల్లోపు సమ్మె చేయకూడదు. అప్పటి చట్టం ప్రకారం ఆరు వారాలు దాటితే ఆ నోటీసు చెల్లేది కాదు. రాజీ చర్చలు నడుస్తున్నంతకాలం, అవి ముగిసిన ఏడు రోజుల వరకు సమ్మె నిషిద్ధం. మొదట ఇది మా చేతులు కట్టేసే నిబంధనగానే కనిపించింది. చదవగా చదవగా దాని రెండో వైపు తెలిసింది: ప్రజోపయోగ సేవలో సమ్మె నోటీసు అందితే, రెండు పక్షాల మధ్య రాజీ కుదిర్చే కార్మిక శాఖ అధికారి, అంటే రాజీ అధికారి, చర్చలు జరిపి తీరాలి, అది ఆయన ఇష్టానికి వదిలిన విషయం కాదు. చర్చలు నడుస్తున్నంతకాలం యాజమాన్యం కూడా వివాదంలో ఉన్న పని నిబంధనలను మాకు నష్టం కలిగేలా మార్చకూడదు. సర్వసభ్య సమావేశంలో నోటీసు మీద రహస్య ఓటు పెట్టాము, షిఫ్టుకో పెట్టె. నోటీసు ఇస్తున్నది సమ్మె కోసం కాదని, బల్ల ముందు కూర్చోబెట్టడం కోసమని ప్రతి ఒక్కరికీ విడమరచి చెప్పాకే ఓటు అడిగాము. భారీ మెజారిటీతో ఆమోదం వచ్చింది. అంతవరకు ఉత్తరాలకు జవాబివ్వని కంపెనీ నుంచి తర్వాతి వాయిదాకు సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి వచ్చాడు.

చర్చలు నెలల తరబడి సాగాయి. అడిగినవన్నీ రాలేదు. జీతం పెంపు మేము కోరినదానిలో సగం కూడా కాదు. కాని జీతం చీటీలో బేసిక్, అలవెన్సులు, ఓటీ గంటలు, పీఎఫ్, ఈఎస్ఐ కోతలు విడివిడిగా చూపాలని, ఓటీకి రెట్టింపు రేటు ఇవ్వాలని, హోల్డ్‌లో కనీసం ఎంతమంది ఉండాలో విమానం రకాన్ని బట్టి ముందే రోస్టర్‌లో రాయాలని, ఎక్కువ బరువు అన్న ట్యాగ్ ఉన్న పెట్టెను ఇద్దరు కలిసి ఎత్తాలని, ర్యాంప్ దగ్గరే నీడ, తాగునీరు ఉండాలని, రాత్రి షిఫ్టు ఆడవాళ్లను ఇంటి గుమ్మం దాకా దించాలని ఒప్పందంలో చేరాయి. కార్యదర్శి బదిలీ రద్దయింది. రాజీ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందం కావడం వల్ల అది మా సభ్యులకే కాక ఆ సంస్థలో పనిచేసే ప్రతి కార్మికుడికీ వర్తించింది; ఫారం నింపడానికి నిరాకరించినవారు కూడా ఆ నెల చీటీలో ఓటీ వరుస చూసుకున్నారు. వారిలో చాలామంది ఆ తర్వాత సభ్యులయ్యారు. ఒప్పందానికి ముందు చేరినవారు, తర్వాత చేరినవారు అన్న తేడా సంఘంలో చూపకూడదని మేము తీర్మానం చేసుకున్నాము. ఆలస్యంగా చేరినవాడికి ఇంట్లో ఏ కష్టం ఉందో మనకు తెలియదు.

మాకు సాధ్యం కానిది పర్మినెంట్ హోదా. కాంట్రాక్టర్ కింద ఉన్న సభ్యులు మొదటి నుంచి అడిగేది ఇదే. ఎయిర్ ఇండియా కార్యాలయాల్లో ఊడ్చే పని చేసిన కాంట్రాక్టు కార్మికుల కేసులో, కాంట్రాక్టు విధానం రద్దైతే వారు ప్రధాన సంస్థ ఉద్యోగులే అవుతారని సుప్రీంకోర్టు 1990లలో చెప్పింది. 2001లో ఉక్కు సంస్థ సెయిల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. కాంట్రాక్టు రద్దైనంత మాత్రాన ఉద్యోగం దానంతట అదే రాదని తేల్చింది. ఈ రెండు తీర్పులనూ మా వకీలు సమావేశంలో హిందీలోనూ తెలుగులోనూ వివరించినప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. చెప్పకుండా దాచి ఆశ పెట్టి చందా వసూలు చేయడం కన్నా, ఉన్నదున్నట్టు చెప్పడమే మేలని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. ఆ రోజు ఒక్కరు కూడా సభ్యత్వం వదులుకోలేదు.

2025 మే 15న బీసీఏఎస్, తుర్కియేకు చెందిన గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థ సెలెబీకి భద్రతా అనుమతి రద్దు చేసింది. హైదరాబాద్ సహా దేశంలోని తొమ్మిది విమానాశ్రయాల్లో అప్పటికి పనిచేస్తున్న సంస్థ అది. కారణం దేశ భద్రత. దాని మీద నేను వ్యాఖ్యానించను. కాని ఒక్క ఉత్తర్వుతో వేలమంది భారతీయ కార్మికుల పాస్‌లు ఎవరి పేరున ఉండాలన్న ప్రశ్న ఒక్క రాత్రిలో పైకి లేచింది. కొత్త కంపెనీలు వారిని తీసుకుంటాయని అప్పుడు చెప్పారు. తీసుకున్నప్పుడు పాత సర్వీసు కలుస్తుందా? ఐదేళ్ల నిరంతర సర్వీసు మీద లెక్కించే గ్రాట్యుటీ కొత్త కంపెనీలో మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందా? ఎనిమిదేళ్లుగా పుష్‌బ్యాక్ నడుపుతున్నవాడు కొత్తగా చేరినవాడి జీతంతో మొదలుపెట్టాలా? హ్యాండ్లింగ్ కాంట్రాక్టు ఎప్పుడైనా ఒకరి నుంచి మరొకరికి మారవచ్చు కనుక ఈ ప్రశ్నలు మా కంపెనీకీ ఉన్నాయి.

ఆ ఏడాది నవంబర్ 21 నుంచి 1926, 1947 చట్టాల స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. పాత చట్టం కింద నమోదైన సంఘాలు కొత్త కోడ్ కింద నమోదైనట్టే లెక్క. అయితే నియమావళిని దానికి తగినట్టు మార్చుకుని తెలియజేయాలి. ఒకే సంస్థలో ఒకటి కన్నా ఎక్కువ సంఘాలు ఉంటే, 51 శాతం మద్దతు ఉన్న సంఘమే యాజమాన్యంతో చర్చలు జరిపే సంఘమవుతుంది. సమ్మె నోటీసు నిబంధన ఇప్పుడు ప్రజోపయోగ సేవలకే కాక పారిశ్రామిక సంస్థలన్నిటికీ వర్తిస్తుంది. వంద సంతకాలతో మొదలైన మాకు ఇప్పుడు సగానికి పైగా మనుషుల సంతకాలు కావాలి. ర్యాంప్, క్యాబిన్, చెక్-ఇన్ విభాగాల వారీగా మళ్లీ ఫారాలు పంచుతున్నాము. ఈసారి ఫారం వెనుక వైపు ఒకే డిమాండు అచ్చు వేయించాము: హ్యాండ్లింగ్ కంపెనీ మారినా కార్మికుడి సర్వీసు మారకూడదు, పాస్ కొత్త కంపెనీ పేరు మీదికి మారిన రోజునే పాత సర్వీసు కాలం కూడా దానితో పాటు బదిలీ కావాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెట్టి, కేంద్ర కార్మిక శాఖకు, పౌర విమానయాన మంత్రిత్వ శాఖకు పంపబోతున్నాము.